పాలప్పం గురించి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

మొన్న ఫోన్లో "పెద్దమ్మా, అప్పం అట్టులా వస్తోంది, అంచుకి ఆ జాలీ రావట్లేదు" అన్నావు. నోటితో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

మనింట్లో అప్పాలంటే ఆంజనేయస్వామికి చేసే బెల్లం అప్పాలే. కేరళలో ఎర్నాకుళం వెళ్లేదాకా, నడుమ దూదిలా, అంచు జాలీలా ఉండే ఈ పాలప్పం నేనూ ఎరగను. మీ పెదనాన్న ఉద్యోగం పుణ్యమా అని అక్కడున్న తొమ్మిదేళ్లలో పక్కింటి చేచి (అక్కని వాళ్లు అలా అంటారు) దగ్గర నేర్చుకున్నాను. క్రిస్మస్ పొద్దున వాళ్లింట్లో అప్పం, ఇష్టూ అనే కొబ్బరిపాల కూర లేకుండా పండగ మొదలయ్యేది కాదు.

నువ్వు దాన్ని దోసె పిండిలా చూస్తున్నావు. మినప్పప్పు, మెంతులు వేశానన్నావు కదా, అది తమిళుల పద్ధతి. పాలప్పానికి పప్పు అక్కర్లేదు. 2 గ్లాసుల పచ్చి బియ్యం 5 గంటలు నానబెట్టు. సోనా మసూరి చాలు, ఇడ్లీ బియ్యం వద్దు. ఒక గ్లాసు పచ్చికొబ్బరి కోరు వేసి, వేలితో రాస్తే నలక తగలనంత మెత్తగా రుబ్బు.

ఇక అసలు కిటుకు. రుబ్బిన పిండిలోంచి 2 గరిటెలు తీసి, గ్లాసు నీళ్లు పోసి, సన్నని సెగ మీద గంజిలా ఉడికించు. అక్కడ దీన్ని కప్పి అంటారు. అప్పం నడుమ దూదిలా రావడానికి ఇదే కారణం. పూర్తిగా చల్లారాకే పిండిలో కలుపు. వేడి మీద కలిపితే ఈస్ట్ చచ్చిపోతుంది, ఇక పొంగదు.

పూర్వం పొంగడానికి కల్లు పోసేవారు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో నీకు తాజా కల్లు ఎక్కడ దొరుకుతుందిలే, పావు చెంచా ఈస్ట్, 2 చెంచాల పంచదార వెయ్యి. ఎండాకాలం మూడు నాలుగు గంటల్లో పొంగుతుంది. చలికాలం రాత్రంతా పడుతుంది. గిన్నె మాత్రం పెద్దది తీసుకో. మొదటిసారి మే నెలలో నేను చిన్న గిన్నెలో కలిపి పడుకున్నాను. తెల్లారేసరికి పిండి గట్టంతా పాకి, స్టవ్ కిందికి పోయింది. మిగిలింది వాసన చూస్తే ముక్కుపుటాలు అదిరాయి! కొబ్బరి ఉన్న పిండి తొందరగా పులుస్తుంది. పొంగాలి కానీ పుల్లబడకూడదు. పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాటికల్లా వాడేసెయ్.

ఉప్పు అప్పాలు పోసేటప్పుడే వెయ్యి. గరిటెతో గిరగిరా తిప్పకు, బుడగలన్నీ పోతాయి. దోసె పిండికంటే జారుగా ఉండాలి. గట్టిగా ఉంటే కాసిని కొబ్బరిపాలు పోసుకో.

అప్పం పోసే చట్టి, అదే గుంటగా ఉండే మూకుడు, మధ్యరకంగా వేడెక్కాలి. బాగా కాలితే పిండి పోసినచోటే అతుక్కుపోతుంది, తిరగదు. గుంటగరిటెడు పోసి, రెండు చెవులూ గుడ్డతో పట్టుకుని ఒకటే చుట్టు తిప్పు. రెండోసారి తిప్పితే అంచు మందమైపోతుంది. చిన్న చిన్న చిల్లులు పడ్డాక మూతపెట్టి, సెగ తగ్గించు. తిరగేయకూడదు. అంచు తనంతట తాను చట్టిని వదులుతుంది. జాలీ అంతా జారి నడిమికి వచ్చేస్తే పిండి మరీ పలచనైందన్నమాట. మొదటి రెండూ పాడైతే టెన్షన్ పడకు, నాకిప్పటికీ మొదటిది వంకరే.

ఇష్టూ సంగతికొస్తే, బంగాళాదుంప, ఉల్లి, అల్లం, పచ్చిమిర్చి, కరివేపాకు పలచని కొబ్బరిపాలలో ఉడకనిచ్చి, చిక్కటి కొబ్బరిపాలు చివర్లో పోసి దించెయ్. అవి మరిగితే విరుగుతాయి. పసుపు, కారప్పొడి వెయ్యకు. చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు, అయినా ఆపుకో. మీ ఆయన చప్పగా ఉందంటే పక్కన కాస్త ఆవకాయ వెయ్యి. మీ పెదనాన్న ఆ తొమ్మిదేళ్లూ అలాగే తిన్నారు.

ప్రేమతో,
పెద్దమ్మ