కర్ణాటకలోని సింధనూరు, గంగావతి వైపు తెలుగు ‘క్యాంపులు’ ఎలా వచ్చాయి?

మీ అమ్మమ్మగారి ఊరి పేరు చివర ‘క్యాంపు’ అని ఉంది, అది మిలటరీ క్యాంపా అని అడిగారు కదా. కాదండి, రైతులది. నేను పుట్టింది అలాంటి ఊళ్లోనే.

తుంగభద్ర డ్యామ్ 1953లో పూర్తయి ఎడమ కాలువ కింద నీళ్లు పారడం మొదలయ్యాక గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి చాలా కుటుంబాలు, అక్కడున్న కొద్దిపాటి మాగాణి అమ్ముకుని ఇటు వచ్చాయి. మా తాతయ్య 1955లో రెండెకరాలు అమ్మి ఇక్కడ పద్నాలుగు కొన్నారు. పొలం దగ్గరే పాకలు వేసుకున్నారు, అవే క్యాంపులు. నిజాంసాగర్ కింద మనవాళ్లు అంతకుముందే కట్టుకున్న ఊళ్లనూ ఇలాగే పిలుస్తారు. అప్పటికి రాయచూరు జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది, 1956లో మైసూరులో కలిసింది, అందుకే తాతయ్య కాగితాలు కొన్ని ఉర్దూలో, కొన్ని కన్నడలో ఉన్నాయి, ఆయనకు రెండూ రావు.

వాన పడితే రేగడి మట్టిలో బండి ఇరుసు దాకా దిగబడేదట. నొప్పులు పడుతున్న మనిషిని సింధనూరు ఆస్పత్రికి మంచం మీద మోసుకెళ్లేవాళ్లని నానమ్మ చెప్పేది.

అయితే ‘బీడును బంగారం చేశాం’ అని మనవాళ్లు అంటే మాత్రం నేను ఒప్పుకోను. అవి బీళ్లు కావు, జొన్న, పత్తి పండే చేలు. చదును చేసి మళ్లు కట్టే పెట్టుబడి లేక కన్నడ రైతులు అమ్ముకున్నారు, వాళ్లలో కొందరు తర్వాత మా పొలంలోనే కూలికి వచ్చారు. పైగా ఎడమ కాలువ కింద ఎక్కువ భూమిని ఆరుతడి పంటలకే లెక్కేశారు, మేమేమో వరి వేశాం. పైన మేం వాడుకున్న నీళ్లు కింద మాన్వి, రాయచూరు శివారు భూములకు అందలేదు, ఆ గొడవ ఇప్పటికీ ఉంది. మా పల్లపు మడి కూడా చౌడు తేలింది, ఎండాకాలంలో ఉప్పు చల్లినట్టు తెల్లగా కనిపిస్తుంది.

అమ్మమ్మగారు ఉంటే ఆ పొలం ఎవరి దగ్గర కొన్నారో ముందు అడగండి. మేం దస్తావేజు చదివించుకుని, అందులో ఉన్న పేరు పట్టుకుని పక్క ఊరికి వెళ్తే ఆయన మనవడు దొరికాడు. ఆ చేనును వాళ్లింట్లో ఏమని పిలిచేవాళ్లో ఆయనకింకా గుర్తుంది. డెబ్బై ఏళ్లుగా మేం దాన్ని ‘పై పొలం’ అంటున్నాం, అంతే.