గ్రౌండ్ పోతుందని భయమా? ముందు పక్క ప్లాటు దస్తావేజులో హద్దులు చూడండి

ప్రశ్న: మాది గుంటూరు ప్రాంతం. మా ఫుట్‌బాల్ క్లబ్ 1979 నుంచి నడుస్తోంది. 1984లో అప్పటి మున్సిపాలిటీ ఒక పాత లేఔట్ పక్కనున్న 2 ఎకరాల 10 సెంట్లు మాకు 20 ఏళ్ల లీజుకిచ్చింది. స్టాంపు పేపరు మీద రాసుకున్నాం కానీ రిజిస్టర్ చేయించలేదు. ఒరిజినల్ దొరకడం లేదు, జిరాక్స్ ఉంది. 2004లో గడువు ముగిసినా 2019 దాకా అద్దె కట్టించుకున్నారు, ఆ తర్వాత తీసుకోవడం మానేశారు. ఇప్పుడు రోడ్డు వైపు ప్రైవేటు భాగస్వామ్యంతో షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని కౌన్సిల్ తీర్మానించింది. సర్వేయర్లు వచ్చి రాళ్లు పాతి నాలుగు నెలలైంది. మూడు తరాల పిల్లలు ఆడిన నేల ఇది, చూస్తుంటే కడుపు తరుక్కుపోతోంది. పన్నెండేళ్లు దాటింది కాబట్టి అడ్వర్స్ పొజిషన్ (ఏళ్ల తరబడి అనుభవంలో ఉంది కాబట్టి భూమి మాదే అనే) దావా వేద్దామని మా సభ్యుల్లో ఒకరు పట్టుబడుతున్నారు. దీపావళికి టపాసుల దుకాణాలకు, ఎండాకాలం ఎగ్జిబిషన్లకు గ్రౌండ్ ఇచ్చి ఆ డబ్బుతోనే క్లబ్ నడుపుతున్నాం. ఏ కేసు వేయాలి?

జవాబు: మూడు తరాలు ఆడారన్నది కోర్టులో సాక్ష్యం కాదు. మీ ఉత్తరంలో కేసు తేల్చే మాట ఒక్కటే ఉంది, దాన్ని మీరు యథాలాపంగా రాసేశారు: 'పాత లేఔట్ పక్కనున్న'. ఆ స్థలం లేఔట్ పక్కన ఉందా, లేఔట్ లోపల ఉందా? పక్కనైతే అది మున్సిపాలిటీ సొంత ఆస్తి, మీరు గడువు దాటిన కిరాయిదారు. లోపలైతే అది లేఔట్ వేసినప్పుడు ప్రజల కోసం వదిలిన ఖాళీ స్థలం. దాన్ని కాపాడటమే నగరపాలక సంస్థ పని, అమ్ముకునే హక్కు దానికి లేదు. ఈ రెండింటికీ నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా.

మీరు నమ్ముకున్న లీజు సంగతి ముందు తేల్చేద్దాం. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కాకపోతే చెల్లదని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతోంది. అద్దె కడుతూ ఉన్నారు కాబట్టి మీది నెలవారీ కిరాయి అవుతుంది. దాన్ని 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసుతో ముగించవచ్చు. అంటే నలభై ఏళ్లుగా బీరువాలో దాచుకున్న కాగితం విలువ పదిహేను రోజులు. 2019 తర్వాత అద్దె తీసుకోవడం మానేస్తే ఒక్క ఉత్తరమైనా రాశారా? డీడీ తీసి పంపారా? లేదని మీ ప్రశ్నే చెబుతోంది. ఇప్పుడైనా బకాయి మొత్తానికి డీడీ తీయించి, 'మా ఇతర హక్కులకు భంగం లేకుండా' అన్న మాట కవరింగ్ లెటర్‌లో రాసి, కమిషనర్ ఆఫీసు ఇన్‌వర్డ్‌లో ఇచ్చి రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. తిప్పి పంపితే ఆ కవరు విప్పకుండా దాచండి.

ఇక అడ్వర్స్ పొజిషన్. ఈ సలహా ఇచ్చినాయన్ని లీగల్ కమిటీలోకి రానివ్వకండి. యజమాని అనుమతి లేకుండా, 'ఇది నాది' అని అతనికి తెలిసేలా, బాహాటంగా అనుభవిస్తేనే 12 ఏళ్ల లెక్క మొదలవుతుంది. మీరు అనుమతితో లోపలికి వెళ్లారు, 35 ఏళ్లు అద్దె కట్టారు. మీ దగ్గరున్న రసీదుల కట్టలో ప్రతి కాగితమూ ఆ దావాను కొట్టేయించే ఎగ్జిబిటే. పైగా ఆ దావా వేయాలంటే మొదటి పేరాలోనే 'ఈ భూమికి యజమాని నగరపాలక సంస్థే' అని మీ చేత్తో రాసివ్వాలి. 'ఇది ప్రజల కోసం వదిలిన లేఔట్ స్థలం, సంస్థ ట్రస్టీ మాత్రమే' అన్న మీ బలమైన వాదన అక్కడితో పోతుంది. కిరాయిదారు యజమాని హక్కును కాదంటే అదే కారణంగా ఖాళీ చేయించవచ్చన్న నిబంధన కూడా ఉంది. ఈ దావా మీ మెడకే ఉరి. దీనికి తోడు మీలో ఎవరికైనా 'రాత్రికి రాత్రి మూలన ఒక విగ్రహం పెడితే ఎవరూ కదల్చరు' అన్న ఆలోచన వస్తే, ప్రభుత్వ స్థలాల్లో కొత్తగా మతపరమైన కట్టడాలు రాకూడదని సుప్రీంకోర్టు 2009లో ఇచ్చిన ఆదేశాన్ని గుర్తు చేయండి. మీ వాళ్లే ముద్దాయిలవుతారు.

అసలు సాక్ష్యం మీ దగ్గర లేదు. గ్రౌండ్ చుట్టూ ప్లాట్లు కొనుక్కున్న వాళ్ల ఇళ్లలో ఉంది. 1980ల్లో రాసిన సేల్ డీడ్ తెరిచి ప్లాటు షెడ్యూలు చూడండి. తూర్పు రోడ్డు, దక్షిణం ఫలానా ప్లాటు అని రాసుకుంటూ వచ్చి, గ్రౌండ్ వైపు హద్దు దగ్గర 'లేఔట్ ఆట స్థలం' అనో 'పార్కు స్థలం' అనో రాసి ఉంటే, ఆ ఒక్క ముక్క మీ రసీదుల కట్టంతా కలిపినదాని కన్నా గట్టిది. 30 ఏళ్లు దాటిన పత్రం సరైన చోటి నుంచి వస్తే దాని మీద సంతకాలు నిజమైనవేనని కోర్టు అనుకోవచ్చు. అలాంటివి నాలుగైదు సేకరించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీలు తీయించండి. లేఔట్ యజమాని రోడ్లనూ ఖాళీ స్థలాన్నీ మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్‌గా రాసిచ్చాడేమో ఈసీలో (ఆస్తి లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో) వెతకండి. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి కావాలంటే ఆఫీసులో పుస్తకాలు తీయించాల్సిందే.

తర్వాత లేఔట్ ప్లాన్. ఈ ప్రాంతానికి 1978లో వీజీటీఎం ఉడా (విజయవాడ-గుంటూరు-తెనాలి-మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చింది. 2014 చివర్లో అది రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ అయిన సీఆర్‌డీఏలో కలిసింది, పాత ఫైళ్లూ అటే వెళ్లాయి. గుంటూరు 1994లో, విజయవాడ 1981లో కార్పొరేషన్ అయ్యాయి కాబట్టి అంతకు ముందు కాగితాలు మున్సిపాలిటీ పేరుతో ఉంటాయి. కొత్త పేరుతో అడిగితే 'రికార్డు లేదు' అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది. పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు కింద సీఆర్‌డీఏలో, కార్పొరేషన్‌లో వేరువేరుగా దరఖాస్తు పెట్టండి. ఎల్పీ (లేఔట్ అనుమతి) నంబరుతో సహా ఆమోదిత లేఔట్ నక్ష, 1984 నాటి కౌన్సిల్ తీర్మానం, ఇప్పటి తీర్మానం, దాని ముందు ఉంచిన ఎజెండా నోట్, టెండరు ఫైలు అడగండి. కాపీల కన్నా ముందు ఫైలు తనిఖీకి అవకాశం అడగడం మేలు. నోట్ ఫైల్ అంచున ఏ టౌన్ ప్లానింగ్ అధికారో 'ఇది లేఔట్ ఓపెన్ స్పేస్' అని రాసి ఉంటే మీ కేసుకు అంతకు మించినది లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి, కానీ కేసు వేయడాన్ని దాని కోసం ఆపకండి. టీఎస్ (టౌన్ సర్వే) నంబరుకు టౌన్ సర్వే రిజిస్టరు నకలు, మాస్టర్ ప్లాన్ ప్రకారం భూ వినియోగ సర్టిఫికెట్ కూడా తీయించండి. లేఔట్ దొరక్కపోయినా మాస్టర్ ప్లాన్‌లో ఆ స్థలం వినోద, క్రీడా వినియోగం కింద ఉంటే అది రెండో ఆసరా. వినియోగం మార్చాలంటే ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు పిలవాలి. పిలిచారా, మీరు చూశారా?

'పూర్తిగా తీసుకోవడం లేదు కదా, మిగిలిన దాంట్లో ఆడుకోండి' అన్న వాదన తప్పకుండా వస్తుంది. దానికి జవాబు ఎకరాల్లో కాదు, మీటర్లలో చెప్పాలి. ఫుట్‌బాల్ నిబంధనల ప్రకారం గ్రౌండ్ కనీసం 90 మీటర్ల పొడవు, 45 మీటర్ల వెడల్పు ఉండాలి, అంటే 4,050 చదరపు మీటర్లు, దాదాపు ఎకరం. మీ 2.10 ఎకరాలు దాదాపు 8,500 చదరపు మీటర్లు. ఉదాహరణకు స్థలం 118 మీటర్ల పొడవు, 72 వెడల్పు అనుకుందాం. రోడ్డు వైపు 50 మీటర్ల లోతున కోసేస్తే మిగిలేది 68 బై 72. అంటే 4,896 చదరపు మీటర్లు, ఎకరా ఇరవై సెంట్ల పైమాటే. కాగితం మీద ఫుట్‌బాల్ గ్రౌండ్ కన్నా పెద్దది, నేల మీద ఏ వైపు చూసినా 90 మీటర్లు రాదు. లైసెన్సు ఉన్న సర్వేయర్‌తో ఈ స్కెచ్ వేయించి, పాతిన రాళ్ల స్థానాలు అందులో గుర్తు పెట్టించండి.

ఫోటోలు, పాత ఉపగ్రహ చిత్రాలు కూడా పనికొస్తాయి, కానీ ఫోన్లో చూపిస్తే సరిపోదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే సంకేత సంఖ్య) రాయాలి. తీసిన ఫోన్ మార్చకండి, ఫోటోను వాట్సాప్‌లో పంపి అదే కాపీ వాడకండి.

ఇక గడువు, మీ నిర్లక్ష్యం కొంప ముంచేది ఇక్కడే. నగరపాలక సంస్థల చట్టం 685వ సెక్షన్ ప్రకారం సంస్థ మీద సివిల్ దావాకు ఒక నెల ముందు నోటీసు ఇవ్వాలి, కారణం పుట్టిన ఆరు నెలల్లోపు దావా వేయాలి. రాళ్లు పాతి నాలుగు నెలలైందంటున్నారు. ఇవాళ నోటీసిచ్చినా నెల గడిచేసరికి ఐదు, మిగిలేది ఒక్క నెల. తీర్మానం అంతకు ముందే జరిగి ఉంటే అదీ లేదు. నోటీసు నెలను మినహాయించమనో, కారణం వేరే తేదీన పుట్టిందనో వాదించవచ్చు. అలాంటి వాదనలు వేరే దారి లేని వాళ్లకు, మీకు దారుంది.

ఆ దారి హైకోర్టులో రిట్, అంటే ప్రభుత్వ సంస్థ చర్యను నేరుగా ప్రశ్నించే పిటిషన్. 226వ అధికరణ కింద వేసే రిట్‌కు 685 నోటీసు అడ్డు కాదు, పైగా మీ విషయం దాదాపు మొత్తం కాగితాల మీదే తేలుతుంది. అమరావతిలో వేయండి, క్లబ్ ఒక్కదాని పేరుతో మాత్రం వేయకండి. మొదటి పిటిషనర్లుగా లేఔట్‌లో ప్లాట్లున్న ఇద్దరు ముగ్గురు, చివర క్లబ్. ఎందుకంటే మీ లీజు బలహీనం, వాళ్ల హక్కు బలమైనది. ఆట స్థలం చూపించి అమ్మిన లేఔట్‌లో వాళ్లు డబ్బిచ్చి కొన్నారు. బెంగళూరులో పార్కు స్థలాన్ని ఆసుపత్రికి కేటాయించినప్పుడు స్థానిక నివాసులకు ప్రశ్నించే హక్కుందని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. లక్నో అమీనాబాద్‌లోని ఝండేవాలా పార్కు కింద నగరపాలిక టెండరు లేకుండా బిల్డర్‌తో కట్టించిన షాపింగ్ కాంప్లెక్స్‌ను పడగొట్టి పార్కును మునుపటిలా చేయాలన్న హైకోర్టు ఆదేశాన్ని 1999లో నిలబెట్టింది. మీ న్యాయవాది ఈ రెంటినీ అఫిడవిట్‌కు జత చేయాలి. తీర్మానం రద్దు చేయమని ప్రధాన ప్రార్థన, యథాతథ స్థితి కోసం మధ్యంతర దరఖాస్తు. టెండర్లు తెరిచి వర్క్ ఆర్డర్ ఇచ్చాక వెళ్తే 'ఇన్నాళ్లు ఏం చేశారు' అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. ఈలోగా 685 నోటీసు కూడా పంపి ఉంచండి. బిల్డర్ ముందుగా సివిల్ కోర్టుకెళ్లి మీ మీద ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) తెచ్చుకోకుండా కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే పెట్టే దరఖాస్తు) వేయండి, అది 90 రోజులే పనిచేస్తుంది.

ఒకవేళ ఖాళీ చేయమని నోటీసొస్తే ఏ చట్టం కిందో ముందు చదవండి. 1905 నాటి ఆక్రమణల చట్టం కింద అయితే, భూమి హక్కు మీద నిజమైన వివాదం ఉన్నచోట ఆ సంక్షిప్త పద్ధతి వాడకూడదని మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు 1982లో చెప్పింది. ఏ నోటీసైనా జవాబు గడువులోగా రాతపూర్వకంగా ఇవ్వండి. కౌన్సిలర్‌తో ఫోన్ చేయించడం జవాబు కాదు.

లేఔట్ లోపల కాదని తేలితే మాత్రం సూటిగా చెబుతాను, గెలుపు ఆశ పెట్టుకోకండి. ప్రత్యామ్నాయ స్థలం కోసం బేరమాడండి. అప్పుడూ ఆ సర్వే స్కెచ్ పనికొస్తుంది.

వీటన్నిటికీ ముందు క్లబ్ బతికుండాలి. 2001 నాటి సొసైటీల చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లో కమిటీ జాబితా రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. చివరిసారి ఎప్పుడిచ్చారో మీరు రాయలేదంటేనే నాకు అనుమానం. అవతలి న్యాయవాది వేసే మొదటి అభ్యంతరం 'ఈ సంతకం చేసినాయన ఎవరు' అనే. బైలా ప్రకారం సమావేశం పిలిచి, కమిటీని ఎన్నుకుని, పాత జాబితాలన్నీ దాఖలు చేసి, కేసు వేసేందుకు కార్యదర్శికి అధికారమిస్తూ తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయండి.

చివరిది, టపాసుల దుకాణాలు. ప్రజల ఆట స్థలం అని కోర్టులో చెబుతూ గేటుకు తాళం వేసి దుకాణాలకు అద్దెకిస్తున్నట్టు ఒక్క ఫోటో అవతలి వాళ్లు చూపిస్తే మీ అఫిడవిట్ చిత్తు కాగితమే. ఈ దీపావళికి ఎవరికీ ఇవ్వకండి. అడ్వాన్సు తీసుకుని ఉంటే తిరిగిచ్చేసి రసీదు రాయించుకోండి. గేటు తాళం తీసేయండి.