విత్తనాల సంచి మీద డిసర్టేషన్ రాయొచ్చా?

ప్రశ్న: బి.కాం. చదివాను. వినియోగదారుల రక్షణ చట్టంలో పీజీ చెయ్యాలని ఉంది. లా డిగ్రీ లేకుండా కుదురుతుందా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: ఎల్‌ఎల్‌.ఎం. (న్యాయశాస్త్రంలో పీజీ) కుదరదండి. మూడేళ్లదో అయిదేళ్లదో లా డిగ్రీ ఉండి తీరాలి. మీకు సరిపోయేది బెంగళూరు నేషనల్ లా స్కూల్ దూరవిద్యలో నడిపే పీజీ డిప్లొమా ఇన్ కన్స్యూమర్ లా అండ్ ప్రాక్టీస్. ఏడాది కోర్సు, ఏ డిగ్రీ ఉన్నా చేరవచ్చు. అది పూర్తిచేసినంత మాత్రాన వకీలుగా వాదించే హక్కు రాదని మాత్రం ముందే తెలుసుకోండి. ఆ హక్కే కావాలంటే లాసెట్ ప్రవేశ పరీక్ష రాసి ఎల్‌ఎల్‌.బి. చెయ్యాలి. ఎల్‌ఎల్‌.ఎం. కూడా కావాలంటే తర్వాత పీజీఎల్‌సెట్ రాయాలి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ లా కాలేజీ మీకు దగ్గరే. సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో ఎల్‌ఎల్‌.ఎం. సీటు కావాలంటే క్లాట్ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. చాలాచోట్ల ఎల్‌ఎల్‌.ఎం.లో వినియోగదారుల చట్టం ఒక పేపరు మాత్రమే. ఇందులో పట్టు వచ్చేది డిసర్టేషన్‌తోనే, అంటే కోర్సులో రాసే పరిశోధన వ్యాసంతోనే.

ప్రశ్న: ఎల్‌ఎల్‌.ఎం. రెండో ఏడాది. 'వినియోగదారుల రక్షణ చట్టం – సమగ్ర పరిశీలన' అని అంశం ఇస్తే గైడ్ గారు వెనక్కి ఇచ్చేశారు. మాది రైతు కుటుంబం. నకిలీ విత్తనాల మీద రాయొచ్చా?
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: తప్పకుండా రాయండి. కాకపోతే 'నకిలీ విత్తనాలు' కూడా ఇంకా వెడల్పే. ఒక్క ప్రశ్న పట్టుకోండి. మా దృష్టిలో దీనికి మించింది లేదు: విత్తనం వల్ల పోయిన పంట, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెప్పే 'హాని' కిందకి వస్తుందా?

2019 చట్టంలో ఆరో అధ్యాయం, సెక్షన్ 82 నుంచి 87 దాకా, ఉత్పత్తి వల్ల జరిగిన హానికి తయారీదారుణ్నీ అమ్మకందారుణ్నీ బాధ్యుల్ని చేస్తుంది. తీరా 'హాని'కి అర్థం చెప్పే సెక్షన్ 2(22) దగ్గరికి వస్తే, వాణిజ్య నష్టం, ఆర్థిక నష్టం అందులోకి రావని ఉంది. ఎకరానికి పాతిక బస్తాలు పండాల్సిన చేలో తొమ్మిదే పండితే, ఆ పదహారు బస్తాలు ఆర్థిక నష్టం కాక మరేమిటని కంపెనీ వకీలు అడుగుతాడు. అప్పుడు రైతుకు మిగిలే దారి సెక్షన్ 2(10)లోని 'లోపం'. ఈ రెండు దారుల మధ్య తేడాను ఎంత లోతుగా తవ్వితే మీ డిసర్టేషన్‌కు అంత బలం.

పునాది తీర్పు 2012 నాటిది: నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ ఎం. మధుసూదన్ రెడ్డి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతుల కేసే. ల్యాబు పరీక్ష లేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదని సంస్థ వాదించింది. కొన్న విత్తనమంతా చేలో చల్లేసిన రైతు ల్యాబు కోసం దాచిపెడతాడని ఆశించలేమనీ, అదే లాట్ (విత్తన విడత) నమూనా సంస్థ దగ్గరే ఉంటుందనీ సుప్రీంకోర్టు చెప్పింది. ల్యాబు పరీక్ష సంగతి చెప్పేది నాటి చట్టంలో సెక్షన్ 13(1)(సి), ఇప్పుడు 38(2)(సి). రెండూ పక్కపక్కన పెట్టి చదవండి.

తర్వాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్ల ఉత్తర్వులు పోగెయ్యండి. ముప్పై ఉత్తర్వులు క్షుణ్ణంగా చదివితే చాలు. ఒక్కోదానికి ఈ గడులు నింపండి: ఫిర్యాదు తేదీ, పంట, బిల్లు ఉందా, లాట్ నంబరు ఉందా, వ్యవసాయాధికారి నివేదిక ఉందా, డీలరుతో పాటు కంపెనీనీ పార్టీగా చేర్చారా, నష్టం ఎలా లెక్కగట్టారు, అప్పీలులో ఏమైంది. రైతుల పేర్లు మాత్రం రాయకండి.

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. కొత్త చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చింది. అంతకుముందు వేసిన ఫిర్యాదులు 1986 నాటి పాత చట్టం కిందే నడుస్తాయని 2021లో నీనా అనేజా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఉత్తర్వు తేదీ చూసి కాదు, ఫిర్యాదు తేదీ చూసి రెండు కట్టలుగా విడదీయండి. కలిపేస్తే మీ పట్టిక మొత్తం తప్పవుతుంది.

సంచి మీది ట్యాగు కూడా చేతిలోకి తీసుకుని చూడండి. నీలం రంగైతే ధ్రువీకరించిన విత్తనం, ఆకుపచ్చదైతే ధ్రువీకరణ లేకుండా కంపెనీ తన మాట మీద అమ్మినది. లాట్ నంబరు, పరీక్ష తేదీ, మొలక శాతం దాని మీదే ఉంటాయి. ధ్రువీకరించిన వరి విత్తనానికి మొలక కనీసం 80 శాతం ఉండాలి. విత్తనం చల్లిన రోజునే ఆ ఖాళీ సంచి గడ్డివాము మీద పరదా అయిపోతుంది. బిల్లుకు బదులు అరువు చీటీయే ఉంటుంది. కేసు సగం ఓడిపోయేది ఆ రెండింటి వల్లే. కేళీలు (వేరే రకం మొక్కలు) పడ్డాయో, మొలకే రాలేదో నివేదికలో విడిగా రాసి ఉందా అన్నదీ చూడండి, ఎందుకంటే రెండింటికీ రుజువు వేరు.

నష్టం లెక్క మీరే ఒకసారి వేసుకోండి. 75 కిలోల బస్తాలు పదహారంటే 12 క్వింటాళ్లు. 2024-25 సాధారణ వరి మద్దతు ధర క్వింటాలుకు 2,300 చొప్పున 27,600 రూపాయలు. పండని పంటకు కోత, నూర్పు ఖర్చులు కాలేదు గనుక వాటిని తీసేయాలి. ఆ మినహాయింపు వేశారో లేదో ప్రతి ఉత్తర్వులోనూ గుర్తించండి.

ప్రశ్న: జిల్లా కమిషన్ పరిధి కోటి రూపాయలని రాస్తే మార్కులు తగ్గించారు. పుస్తకంలో అలాగే ఉంది కదా?
– ఒక విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: పుస్తకం పాతదమ్మా. 2021 డిసెంబరు చివర్లో వచ్చిన రూల్స్ ప్రకారం జిల్లా కమిషన్‌కు 50 లక్షల దాకా, రాష్ట్ర కమిషన్‌కు 2 కోట్ల దాకా, ఆపైన జాతీయ కమిషన్‌కు. చూడాల్సింది సరుకుకో సేవకో చెల్లించిన ప్రతిఫలమే (సొమ్మే) తప్ప అడిగిన పరిహారం కాదు. ఈ పద్ధతి చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో రుతు మిహిర్ పంచాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఎదుటి పక్షం జవాబుకు 30 రోజులు, గడువు పెంచితే ఇంకో 15, అంతకు మించి ఒక్కరోజు కూడా ఇవ్వరు. దీనికి ఆధారంగా 2020 నాటి హిల్లీ మల్టీపర్పస్ తీర్పు రాయండి. డాక్టర్లు వినియోగదారుల చట్టం కిందే ఉన్నారు (వి.పి. శాంత, 1995). వకీళ్లు లేరు (డి.కె. గాంధీ, 2024). ఈ రెండూ పక్కపక్కన పెట్టి తేడా ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయడం అలవాటు చేసుకో.