కీబోర్డు మీద కర్ణాటక రాగాలు సరిగ్గా పలుకుతాయా?

స్వరాలన్నీ పలుకుతాయి కానీ గమకాలు (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) మామూలు కీల మీద పలకవు, రాగం ప్రాణమంతా దాదాపు వాటిలోనే ఉంటుంది. కీ నొక్కితే ఒకే స్థాయిలో నాదం వస్తుంది, అక్కణ్ణుంచి పక్క స్వరానికి జారడం కుదరదు, అదే వీణ అయితే మెట్టు మీద తీగను పక్కకి లాగితే చాలు, స్వరం ఊగుతూ పైకెళ్తుంది. తోడి రాగమే తీసుకోండి. గాంధారాన్ని కదలకుండా నొక్కిపట్టుకుంటే స్వరం కరెక్టే, తోడి మాత్రం వినపడదు. సరిగమపదనిల రకాలన్నీ కలిపి వచ్చే 16 స్వరాలకి 12 కీలు చాలవు, అందుకే ఈ ఇబ్బంది అని చాలామంది అనుకుంటారు. అది తప్పు, ఆ 16 పేర్లూ కూర్చునేది 12 స్థానాల్లోనే (చతుశ్రుతి రిషభం, శుద్ధ గాంధారం రెండూ ఒకే కీ). పిచ్ బెండ్ చక్రం (మోగుతున్న స్వరాన్ని పైకీ కిందకీ జార్చేది) ఉన్న కీబోర్డయితే ఎడమచేత్తో దాన్ని తిప్పుతూ గమకాన్ని కొంతవరకు లాక్కురావచ్చు, చెయ్యి తిరగడానికి మాత్రం బాగా టైమ్ పడుతుంది.