ఆర్మీలో చేరాలంటే నడుము దాకా ఉన్న జుట్టు వదులుకోవాల్సిందేనా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటున్నాం. మా అమ్మాయి ఈ ఏడాది హైస్కూల్ పూర్తి చేస్తోంది. ఆర్మీ ఆర్‌ఓటీసీ (కాలేజీ చదువుతో పాటే ఆఫీసర్ శిక్షణ ఇచ్చే పథకం) స్కాలర్‌షిప్‌తో కాలేజీలో చేరి ఆఫీసర్ అవుతానంటోంది. ఇక్కడే పుట్టింది కాబట్టి పౌరసత్వం సమస్య లేదు. మార్కులు బాగున్నాయి, పరుగు బాగుంది. చిక్కల్లా జుట్టుతోనే. నడుము దాటుతుంది, నా పిడికిట్లో పట్టదు, అంత ఒత్తు. ముడి వేస్తే తల వెనక ఇంకో తల మొలిచినట్టు ఉంటుంది. ఆర్మీలో బాబ్‌కట్ తప్పదని స్నేహితురాలు ఎవరో చెప్పిందట, రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మా అత్తగారు అసలు ఆ ఉద్యోగమే వద్దంటున్నారు. ఇప్పటికీ రోజూ జడ నేనే వేస్తాను. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో అసలు విషయం చివరి ముక్కలో ఉందండీ. "ఇప్పటికీ జడ నేనే వేస్తాను" అన్నారు చూడండి, దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ బాబ్‌కట్ భయం తీర్చేద్దాం.

అమెరికన్ ఆర్మీలో ఆడపిల్లలు జుట్టు కత్తిరించుకుని తీరాలన్న రూలు లేదు. ట్రైనింగ్ మొదట్లో మగపిల్లలకు మెషిన్ పెట్టి గొరిగేస్తారు. ఆ వీడియోలు చూసి అందరికీ అదే గతి అనుకుంటారు. ఆడవాళ్లకు కావాల్సింది జుట్టు అదుపులో ఉండటం. ఆ అదుపు ఎంత, ఎలా అన్నది ఏఆర్ 670-1 అనే రెగ్యులేషన్‌లో ఉంటుంది. చాలా ఏళ్ల పాటు పొడవాటి జుట్టంటే యూనిఫాంలో ముడి వేసి తీరాల్సిందే, కాలర్ కిందికి వేలాడకూడదు. 2021లో ఇది మారింది. ఆ జనవరిలో ముడి వేయడం కుదరని జుట్టు ఉన్నవాళ్లకు పోనీటెయిల్ వేసుకోవచ్చని ప్రకటించారు. మే నెలకల్లా దాన్ని అందరికీ, అన్ని యూనిఫాంలకూ వర్తింపజేశారు. అంటే ఇప్పుడు జడ వెనక్కి వేలాడచ్చు. మీ అత్తగారికి ముందు ఈ ఒక్క మాట చెప్పండి, సగం గొడవ తీరుతుంది.

అయితే కొలతలున్నాయి. ముడి వేస్తే అది మాడు నుంచి మూడున్నర అంగుళాలకు మించి బయటికి పొడుచుకు రాకూడదు, తల వెడల్పు దాటకూడదు. ముడి కాకుండా మిగతా తలమీద జుట్టు ఎత్తు రెండు అంగుళాలు దాటకూడదు. జడో పోనీటెయిలో వేలాడేస్తే అది తల వెనక మధ్యలో ఉండాలి, తల కంటే వెడల్పు కాకూడదు, అటెన్షన్‌లో నిలబడినప్పుడు భుజం ఎముకల కింది అంచు దాటి కిందికి రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, టోపీ గానీ హెల్మెట్ గానీ సరిగా కూర్చోవాలి. పిన్నులు, రబ్బరు బ్యాండ్లు జుట్టు రంగులో కలిసిపోవాలి. రంగురంగుల క్లిప్పులు, పూసలు, పూలు కుదరవు. నేను చెబుతున్నవి 2021 మార్పులతో వచ్చిన కొలతలు. ఈ రూల్స్ అప్పుడప్పుడూ సవరిస్తుంటారు కాబట్టి, క్యాంపస్‌లో అడుగుపెట్టగానే అక్కడి సార్జెంట్ దగ్గరున్న తాజా కాపీ అడిగి తీసుకోమనండి. ఇంటర్నెట్‌లో ఎవరో అన్నారని వాదించే క్యాడెట్‌కు అక్కడ గౌరవం ఉండదు.

మీ అమ్మాయి ఆర్మీయే అనుకుంటోంది కాబట్టి మిగతా దళాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఎయిర్‌ఫోర్స్ 2021 ఫిబ్రవరి నుంచి ఒక పోనీటెయిల్‌నో, ఒకటి రెండు జడలనో వీపు పైభాగం దాకా వదలనిస్తోంది. బిగుతు ముడుల వల్ల తలనొప్పులు, జుట్టు ఊడిపోవడం ఎక్కువైందని అక్కడి ఆడవాళ్లే చెప్పడం ఆ మార్పుకు ఒక కారణం. నేవీ 2018లోనే పోనీటెయిల్ ఒప్పుకుంది, కాకపోతే కాలర్ కింద మూడు అంగుళాలకు మించకూడదని పెట్టింది. మెరైన్ల దగ్గర మాత్రం, వ్యాయామం వేళ తప్ప, పొడవాటి జుట్టంటే పైకి కట్టుకోవాల్సిందే. మెరైన్లు మెరైన్లే.

ఇప్పుడు మీ అమ్మాయి జుట్టు సంగతి. రూల్ పుస్తకం కంటే పెద్ద పరీక్ష హెల్మెట్‌తో ఉంటుంది. ఫైరింగ్ రేంజ్‌లో బోర్లా పడుకుని గురి చూడాలి. అప్పుడు తల పైకెత్తితే వెనకున్న ముడి బాడీ ఆర్మర్‌కు తగిలి హెల్మెట్‌ను ముందుకు తోస్తుంది. హెల్మెట్ అంచు కళ్లమీదికి జారుతుంది. ఇంక గురి ఎక్కడిది? ఆడ సైనికులు ఏళ్ల తరబడి మొత్తుకున్నది దీని గురించే. కాబట్టి తల మధ్యలో వేసే గుండ్రటి కొప్పు అందానికి బాగుంటుంది గానీ మీ అమ్మాయికి పనికిరాదు. డోనట్ అని స్పాంజితో చేసిన రింగు అమ్ముతారు, అది అసలు కొననే వద్దు. పలచటి జుట్టును పెద్దదిగా చూపించడానికి పుట్టిన వస్తువది, మీకు కావాల్సింది సరిగ్గా దానికి వ్యతిరేకం.

ఒత్తు జుట్టుకు నేను చూసినంతలో బాగా కుదిరేది రెండు జడల పద్ధతి. మధ్యలో పాపిట తీసి, రెండు వైపులా నుదుటి దగ్గర్నుంచి తలకు అంటుకుపోయేలా అల్లుకుంటూ రావాలి. మెడ దగ్గరికి వచ్చాక మామూలు మూడు పాయల జడగా కిందిదాకా అల్లి, రెండింటినీ మెడమీద ఒకదానికొకటి ఎదురుగా అడ్డంగా మడిచి పిన్నులు పెట్టాలి. అప్పుడు బరువు ఒకేచోట పోగుపడకుండా రెండు వైపులా పరుచుకుంటుంది, ముడి ఎత్తు తగ్గిపోతుంది, హెల్మెట్ అంచు కిందికి చక్కగా వస్తుంది. హెల్మెట్ లేని రోజుల్లో ముడి కావాలంటే, మెడ దగ్గర తక్కువ ఎత్తులో పోనీటెయిల్ కట్టి దాన్ని రెండు పాయలు చేసి, ఒకటి కుడికి, ఒకటి ఎడమకు చుట్టాలి. మొత్తం ఒకే తాడులా మెలిపెట్టి చుడితే నత్తగుల్లలా పైకి లేస్తుంది. రెండుగా చేసి చుడితే అప్పడంలా అణిగి ఉంటుంది. మామూలు సన్నపిన్నులు ఇంత జుట్టును పట్టలేవు, యూ ఆకారంలో ఉండే లావు పిన్నులు కొనండి. పైన జుట్టు రంగు నెట్ ఒకటి. ముంగురులకు పాత టూత్‌బ్రష్ మీద కాస్త జెల్ రాసి దువ్వితే చాలు. ముడి వేశాక పక్కనుంచి స్కేలు పెట్టి కొలవండి, మూడున్నర అంగుళాలంటే తొమ్మిది సెంటీమీటర్ల కంటే కాస్త తక్కువ.

పొడవు విషయంలో మాత్రం మీకు నచ్చని మాట చెప్పాలి. ఉంచుకోవచ్చు కదా అని నడుము దాకా ఉంచుకోమని నేను సలహా ఇవ్వను. జడ అల్లితే భుజం ఎముకల కింది అంచు దగ్గర ఆగేటంత పొడవు దాకా కత్తిరించమంటాను. ఆ పొడవులో ఉంటే తెల్లవారుజామున వ్యాయామానికి జడ అల్లి వదిలేయచ్చు, ఇబ్బందైతే షర్టు లోపలికి దోపుకోవచ్చు, హెల్మెట్ ఉన్నరోజు పైకి మడిచి కట్టుకోవచ్చు. నడుము దాకా ఉంటే మొదటి దారి మూసుకుపోతుంది, ఏడాది పొడవునా ముడి ఒక్కటే గతి. ఇంకో సంగతి, ఒత్తు జుట్టు అల్లితే బాగా కుదించుకుపోతుంది. విరబోసుకుని కొలిచి కత్తిరిస్తే మరీ పొట్టి అయిపోతుంది. జడ వేసి, నిటారుగా నిలబెట్టి, భుజం ఎముకల అంచు దగ్గర గుర్తు పెట్టి, దానికి ఒకటి రెండు అంగుళాల కిందే మొదటిసారి కత్తిరించమనండి. తర్వాత ఆ అంచు దాకా తగ్గించుకోవచ్చు.

పార్లర్‌లో "ఒత్తు తగ్గిస్తాం, లేయర్లు వేస్తాం" అంటారు. లోపల లోపల కాస్త పలచన చేయిస్తే మంచిదే. పైన లేయర్లు మాత్రం వద్దు. ఆ పొట్టి వెంట్రుకలు ముడికి అందవు, జడలో ఆగవు, చెవుల పక్కన లేచి నిలబడతాయి. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి ట్రైనింగ్‌కు ముందురోజు రాత్రి కంగారుగా లేయర్లు చేయించుకుంది. పది వారాలూ తనకు శత్రువు ఎవరంటే ఆ వెంట్రుకలేనట! కత్తిరించేదేదో కనీసం మూడు నెలల ముందే కత్తిరించాలి. అలవాటు పడటానికి అంత సమయం పడుతుంది, జుట్టుకూ మనిషికీ. అది కూడా ఆమె సరేనన్నాకే. కత్తెర విషయంలో నిర్ణయం మీదీ కాదు, మీ అత్తగారిదీ కాదు.

తడి జుట్టు గురించి గట్టిగా చెప్పండి. స్నానం చేసి, ఆరకముందే ముడి వేసి హెల్మెట్ పెట్టేస్తే ఇంత ఒత్తు జుట్టు సాయంత్రం దాకా లోపల తడిగానే ఉంటుంది. దురద, చుండ్రు, ముక్కిపోయిన వాసన అన్నీ అక్కడ మొదలవుతాయి. తలస్నానం రాత్రిపూట, సెలవుకు ముందురోజు పెట్టుకోవాలి. నూనె కూడా అప్పుడే, అదీ తలంటుకు ముందు గంటసేపు. జిడ్డు జుట్టుతో హెల్మెట్ పెడితే లోపలి మెత్తలు ఆ నూనె అంతా పీల్చుకుంటాయి. ఫీల్డ్‌లో నాలుగైదు రోజులు స్నానం దొరకనప్పుడు, వెళ్లేముందు బాగా చిక్కు తీసి గట్టిగా అల్లుకున్న రెండు జడలే దిక్కు. గ్యాస్ మాస్క్ శిక్షణ రోజు ఒక్క వెంట్రుక కూడా మాస్క్ అంచుకూ ముఖానికీ మధ్య ఉండకూడదు. ఉంటే అక్కడినుంచే గ్యాస్ లోపలికి వస్తుంది, ఆ కళ్లమంట ఒకసారి చూస్తే మళ్లీ ముంగురులు వదలదు.

గట్టిగా అల్లుకోమన్నాను గానీ, నొప్పి పుట్టేంత బిగుతు వద్దు. రోజూ ఒకేచోట కుదుళ్లు లాగుతూ ఉంటే కణతల దగ్గర, నుదుటి అంచున జుట్టు పలచబడుతుంది. మొదట్లోనే గుర్తిస్తే తిరిగి వస్తుంది. ఏళ్ల తరబడి వదిలేస్తే కుదుళ్లు మచ్చకట్టి ఇంక రాదు. కణతల దగ్గర చిన్న చిన్న పొక్కులు, ముడి విప్పగానే మాడు సలుపు, ఈ రెండూ హెచ్చరికలు. ముడి చోటు రోజూ కాస్త మార్చాలి, గదికి రాగానే విప్పేయాలి, ముడితో పడుకోకూడదు.

కెరీర్ సలహా అడిగి జుట్టు పాఠం విన్నారు, అసలు పని కూడా చెప్పనివ్వండి. నాలుగేళ్ల ఆర్‌ఓటీసీ స్కాలర్‌షిప్ ట్యూషన్ ఫీజుకైనా, వసతి, భోజనానికైనా పనికొస్తుంది. డిగ్రీ పూర్తవగానే సెకండ్ లెఫ్టినెంట్ అవుతుంది, మొత్తం ఎనిమిదేళ్ల సర్వీసు బాధ్యత ఉంటుంది. మీ ఇంట్లో వేసవి లోపు మాట్లాడుకోవాల్సింది ఆ ఎనిమిదేళ్ల గురించి. నాలుగేళ్ల స్కాలర్‌షిప్ తీసుకున్నవాళ్లు మొదటి ఏడాది చూసి, నచ్చకపోతే బాకీ లేకుండా బయటికి రావచ్చు. రెండో ఏడాదిలో అడుగుపెడితే కట్టుబడ్డట్టే. మీ అత్తగారితో "ఒక్క ఏడాది చూద్దాం అత్తయ్యా" అనడానికి వీలుంది. మెడికల్ పరీక్షకు డోడ్‌మెర్బ్ అనే రక్షణ శాఖ వైద్య పరీక్షల విభాగం పిలుస్తుంది. చిన్నప్పటి ఉబ్బసం, కళ్లద్దాల పవర్, ఏదైనా సర్జరీ లాంటివి ఉంటే కాగితాలు ఇప్పుడే వెతికి పెట్టుకోండి. జుట్టు వల్ల ఎవరి స్కాలర్‌షిప్ పోగా నేను చూడలేదు. కాగితాలు లేక ఆలస్యమైనవాళ్లను చాలామందిని చూశాను.

ఇంక మీ చివరి ముక్క దగ్గరికి వద్దాం. పద్దెనిమిదేళ్ల పిల్లకు తన జడ తాను వేసుకోవడం రాకపోతే, తెల్లవారుజామున ఐదింటికి, పక్క మంచాలవాళ్లు అప్పటికే బూట్లు కట్టుకుంటుంటే, ఎవరిని పిలుస్తుంది? ఆ తొలి వారాల్లో పిల్లల్ని ఏడిపించేది సార్జెంట్ అరుపుల కంటే ఇలాంటి చిన్నవే. నిజం చెప్పాలంటే అక్కడ ఆడపిల్లలు ఒకరికొకరు జడలు వేసుకుంటారు, అదొక స్నేహం. కానీ వేయించుకునే అమ్మాయికి తిరిగి వేయడం కూడా రావాలి కదా.

కాబట్టి రేపటినుంచే మొదలుపెట్టండి. మొదటి వారం అద్దం ముందు తనే అల్లుకోవాలి. రెండో వారం అద్దం లేకుండా, చేతి స్పర్శతో. మూడో వారం లైటు ఆర్పేసి. మొదట్లో ఇరవై నిమిషాలు పడుతుంది, వంకరగా వస్తుంది, చేతులు పీకుతున్నాయని విసుక్కుంటుంది. అది ఆరు నిమిషాలకు వచ్చేదాకా ఆపకూడదు. ఇంట్లో సైకిల్ హెల్మెట్ ఉంటే అది పెట్టి, హాల్లో బోర్లా పడుకుని తల పైకెత్తి చూడమనండి. ముడి హెల్మెట్‌ను తోస్తుంటే విప్పి, ఇంకో అంగుళం కిందికి వేసుకోవాలి. అదంతా అయ్యేదాకా మీరు పక్కనే కాఫీ తాగుతూ కూర్చోండి. చేయి మాత్రం పెట్టకండి.