కబడ్డీ ఆడేవాళ్లు బరువులు ఎత్తితే వేగం తగ్గుతుందా?

మీ తమ్ముడు కవర్ స్థానంలో (అంచున ఉండే కార్నర్‌కూ నడిమధ్యకూ నడుమ నిలబడే డిఫెండర్‌గా) ఆడుతున్నాడని, బరువులు ఎత్తితే కండరాలు బిగుసుకుపోయి కాలు చురుగ్గా కదలదని ఊళ్లోని పాత ఆటగాళ్లు చెబుతున్నారని, అందువల్ల అతన్ని జిమ్‌కు పంపాలా వద్దా అని అడిగారు. తప్పకుండా పంపండి. అయితే ఎవరి దగ్గరకు పంపుతున్నారో చూసుకోండి. శ్రీకాకుళం జిల్లాలో చాలా ఏళ్లు కార్నర్‌గా, అంటే వరుస అంచున నిలబడి రైడర్ కాళ్లు పట్టే డిఫెండర్‌గా ఆడి, ఇప్పుడు మా ఊరి పిల్లలకు ఆట నేర్పుతున్న వాడిగా నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. మన డిఫెండర్లు ఓడిపోతున్నది పట్టు తెలియక కాదు, పట్టిన తరువాత ఆపే బలం లేక.

కొన్నేళ్ల క్రితం సంక్రాంతి పోటీల ఫైనల్లో మా ఎడమ కార్నర్ కుర్రాడు బోనస్ గీత దగ్గర రైడర్ చీలమండను రెండు చేతులా అందుకున్నాడు. వేళ్లు మడమ వెనుక కలుసుకున్నాయి, తల మోకాలి దెబ్బ తగలకుండా పక్కకు ఉంది, పట్టులో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా రైడర్ రెండో కాలిని నేలకు తన్నిపెట్టి, ఒంటిని ముందుకు వాల్చి, మా వాడిని బోర్లా ఈడ్చుకుంటూ వెళ్లాడు. ఆదుకోవడానికి కవర్ వచ్చి నడుము పట్టుకునేసరికే రైడర్ వేలి కొన మధ్య గీతను తాకింది. పట్టుకున్న ఇద్దరూ అవుటయ్యారు. పట్టు వదిలేశాడని గట్టున కూర్చున్నవాళ్లు తిట్టారు గానీ, వాడి వేళ్లు చివరిదాకా విడలేదని నేను కళ్లారా చూశాను. ఆ లాగుడుకు నిలబడలేకపోయినవి తొడలు, పిరుదులు, నడుము.

ఆ వేసవిలో వాడిని పక్క ఊరి వెయిట్‌లిఫ్టింగ్ శిక్షకుడి దగ్గర చేర్పించాను. ఆయన మొదట్లో 20 కిలోల ఖాళీ బారుతోనే, వీపు పలకలా సాపుగా నిలిచేదాకా, కూర్చోవడం, వంగడం, లేవడం చేయించారు. తరువాత డెడ్‌లిఫ్ట్ (నేల మీది బారును వంగి పట్టి నిటారుగా లేవడం), స్క్వాట్ (భుజాల మీద బారుతో కూర్చుని లేవడం), కడ్డీకి తువ్వాలు చుట్టి దాన్ని పట్టుకుని పైకి లేవడం వచ్చాయి. బరువు పెద్దది, లెక్క చిన్నది: విడతకు మూడు నుంచి ఐదు సార్లే, విడతకూ విడతకూ మధ్య మూడు నిమిషాల విశ్రాంతి. మరుసటి ఏడాది అదే కుర్రాడు చీలమండ పట్టి మోకాళ్ల మీద కూర్చుంటే రైడర్ ఉన్నచోటే కూలబడేవాడు. వేగం తగ్గలేదు సరికదా, మొదటి అడుగు ఇంకా ముందే పడేది, ఎందుకంటే నేలను ఎంత గట్టిగా తంతే ఒళ్లు అంత త్వరగా కదులుతుంది.

తక్కువ సార్లు అని పదేపదే చెప్పడానికి కారణం ఉంది. సీనియర్ పురుషుల కబడ్డీలో ఒంటి బరువు 85 కిలోలు దాటకూడదు, మహిళలకు ఆ హద్దు 75 కిలోలు. కాబట్టి మనకు కావలసింది ఒంటి బరువు పెద్దగా పెరగకుండా బలం పెరగడం. పట్నంలో చాలా జిమ్‌లలో ఒకరోజు ఛాతీ, ఒకరోజు చేతులు, ఒకరోజు భుజాలు అని విడదీసి, అలసిపోయేదాకా పన్నెండేసి, పదిహేనేసి సార్లు చేయిస్తారు. అది అద్దం ముందు నిలబడేవారికి తగిన పద్ధతి, కాళ్ల రోజు వారంలో ఒక్కటి కూడా ఉండదు. అలాంటి చోట ఆరు నెలలు గడిపిన పిల్లవాడు బరువెక్కి, కాళ్లలో బలం మాత్రం పెరగక తిరిగి వస్తే, నెమ్మదించాడని ఊరంతా బరువులనే నిందిస్తుంది.

నాకు మరింత బాధ కలిగించే విషయం ఇంకొకటి ఉంది. సిడ్నీలో 2000లో కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మా ఆమదాలవలస ప్రాంతం. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం సాధించిన మత్స సంతోషిది విజయనగరం పక్కనున్న కొండవెలగాడ. బరువు ఎలా ఎత్తాలో తెలిసినవాళ్లు ఇంత దగ్గరలో ఉండగా, కబడ్డీ శిక్షకులు వారి గడప తొక్కకుండా పిల్లలచేత మైదానం చుట్టూ గంటసేపు పరుగులు తీయిస్తున్నారు. రైడ్ అంటే 30 సెకన్లు, అందులో అసలు పెనుగులాట రెండు మూడు సెకన్లు. అందుకు గంట పరుగు ఏ విధంగానూ సరిపడదు.

మీ తమ్ముడి విషయానికి వస్తే, సీజన్ లేనప్పుడు వారానికి మూడు రోజులు, పోటీలు మొదలయ్యాక ఒకటి రెండు రోజులు చాలు. అప్పుడు విడతలు తగ్గించాలి గాని బరువు తగ్గించకూడదు. కవర్ గనుక డ్యాష్ కొట్టడానికి, అంటే రైడర్‌ను ఒంటితో గుద్ది గీత బయటకు నెట్టడానికి, ముందుకు దూకే బలం కావాలి, అందుకు ఒంటికాలి స్క్వాట్, బరువైన బస్తాను తాడుతో లాగడం, దాన్నే తోయడం చేయించండి. తొడ వెనుక కండరాల కోసం నార్డిక్ వ్యాయామం వదలొద్దు: మ్యాట్ మీద మోకరిల్లి, తోటివాడు చీలమండలను అదిమి పట్టుకోగా, ఒంటిని నిటారుగా ఉంచి వీలైనంత నెమ్మదిగా ముందుకు వాలాలి. ఆ కండరం పట్టేయడాలను ఇది బాగా తగ్గిస్తుందని ఫుట్‌బాల్ ఆటగాళ్లపై జరిగిన పరిశోధనలు తేల్చాయి. మొదటి వారం రెండు విడతలు, ఐదేసి సార్లకు మించనివ్వకండి. మర్నాడు నొప్పులు విపరీతంగా ఉంటాయి కనుక మ్యాచ్‌కు ముందు రోజు మాత్రం అసలు చేయించవద్దు.