సెంటు పక్కన పెట్టి టార్చి తియ్యి

చిట్టితల్లికి ఆశీస్సులు.

మామగారి పక్కన కూర్చుంటే నోటి వాసనకి కడుపులో తిప్పుతోందని, అలా అనిపించినందుకు సిగ్గుగా ఉందని రాశావు. మంచాన పడ్డవాళ్ల మధ్య నర్సుగా ముప్పై ఏళ్లు తిరిగాను, నాకూ తిప్పేది. ముక్కుకి వావివరసలు తెలియవు కదా.

గదిలో సెంటు చల్లడం మాత్రం ఆపు. టార్చి వేసి నోట్లోకి చూడు. కట్టుడు పళ్లు తీయించి మరీ చూడు. ఒకావిడకి వారం పాటు మౌత్‌వాష్ పోసి పుక్కిలింపించాను, వాసన తగ్గలేదు. పై సెట్టు తీసి చూస్తే అంగిలి నిండా విరిగిన పాల తునకల్లా తెల్లటి పొర! ఫంగస్. డాక్టరు మందు రాశాకే తగ్గింది. అన్నాళ్లూ ఆ పళ్లు తీయించాలని నాకే తట్టలేదు.

తెల్ల పొర లేకుండా నాలుక ఎండి అట్టకట్టి ఉంటే లాలాజలం చాలడం లేదని అర్థం. నొప్పికిచ్చే మార్ఫిన్, ఆక్సిజన్, నోటితో ఊపిరి తీయడం, అన్నీ నోటిని ఎండగడతాయి. కడిగే తడి లేకపోతే సూక్ష్మజీవులదే రాజ్యం. మింగగలిగితే తరచూ గుక్కెడు నీళ్లు, చిన్న ఐసు ముక్క ఇవ్వు. మెత్తటి పిల్లల బ్రష్‌తో రెండు పూటలా పళ్లు, నాలుక మెల్లిగా తోము. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించి ఉమ్మించు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ ఇంకా ఎండబెడుతుంది, వద్దు. కట్టుడు పళ్లు రాత్రిళ్లు నీళ్లలో ఉండాలి.

ఆయనకి గొంతులో పుండు ఉంది కాబట్టి కుళ్లు వాసన అక్కడి నుంచీ రావచ్చు. అది తోమితే పోదు. కుళ్లు వాసన తెచ్చే సూక్ష్మజీవుల్ని చంపే మెట్రోనిడజోల్ అనే మందు పనికొస్తుందేమో డాక్టరుని అడుగు, నీ అంతట నువ్వు వేయకు. కిడ్నీ, లివర్ దెబ్బతిన్నప్పుడు వచ్చే వాసనైతే బ్రష్‌కి అసలే లొంగదు.

మగతగా ఉంటే నోట్లో నీళ్లు పోయకు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకి తిప్పి, తడిపి గట్టిగా పిండిన స్పాంజితో తుడువు.

మాట్లాడేటప్పుడు తువ్వాలు అడ్డం పెట్టుకుంటున్నారన్నావు. ఆయనకి తెలుసమ్మా. వాసన ఊసెత్తకుండా, "నోరు ఎండిపోయినట్టుంది, కాస్త తడి చేయనా మామయ్యా?" అని అడుగు. రేపు చూశాక నాలుక ఏ రంగులో ఉందో నాకు రాయి.

మీ పెద్దమ్మ